నూనె రాసిన బ్రేకులు

ఇంగ్లీషుపాలెం, బందరు
16 జూన్ 2025, సోమవారం

తమ్ముడు తోమాసుకి మార్తక్క రాసేది.

ముందు నీ చెవులెలా ఉన్నాయి? చెవి మిషను పెట్టుకుంటున్నావా, మళ్లీ డబ్బాలో పెట్టి బీరువా ఎక్కించేశావా? మరదలు కృపాకుమారి మోకాళ్ల వాపు తీసిందా? ఆ పూతమందు మానేసి ఆముదం ఆకు వెచ్చజేసి కట్టుకోమను. మీ మనవరాలు ఏంజెల్‌కి దగ్గు తగ్గిందా? పిల్లని వానలో తిప్పకండి. ఇక్కడ కోడలు ఎస్తేరు బాగుంది, ఆసుపత్రిలో డ్యూటీలు ఎక్కువై కాస్త చిక్కింది. జేమ్స్ బాగున్నాడు. నేను బాగున్నానో లేదో నాకే తెలియదు. పొద్దున బి.పి. బిళ్ల వేసుకున్నానా లేదా అని అనుమానం వచ్చి ఇంకోటి మింగబోయి, దేవుడు గుర్తుచేస్తే ఆగాను.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. కృపతో చెప్తే అది నీకు సగమే చెప్తుంది. పైగా మొన్నామధ్య ఎవడో నా ఫోనుకి చేసి, నేను పోలీసుని, నీ పేరు మీద కేసుంది, ఎక్కడికీ కదలకు అన్నాడు. నిజంగానే రెండు గంటలు కుర్చీలోంచి కదల్లేదు. అప్పట్నుంచీ ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. నాలుగో తరగతి చదువు చదివినందుకు ఈ రాత అయినా పనికొస్తోంది.

అసలు సంగతి కారు. మీ బావగారు పోయేముందు దాకా తుడుచుకున్న ఆ తెల్ల కారే. దానికి ఇరవై ఏళ్లు నిండాయి. జేమ్స్ స్కూలు కోడూరు అవతల కదా, రోజూ ఉల్లిపాలెం వంతెన దాటి దివిసీమలోకి వెళ్లాలి. వాడితో పాటు ఇంకో ముగ్గురు టీచర్లు అదే కారులో వెళ్తారు. అందులో సుమతి టీచరుకి ఏడో నెల.

వేసవి సెలవుల్లో ఆరు వారాలు కారు కదపలేదు. పట్టా కప్పి వదిలేశాడు. స్కూళ్లు తెరిచాక చూస్తే బ్రేకు తొక్కగానే కీచుమని వీధంతా వినపడేలా అరుస్తోంది. పెడలు కాలి కింద వణుకుతోందట. ఈ మాట నాతో అనలేదు, ఎస్తేరుతో అంటుంటే విన్నాను.

మా పక్కవీధి కోటమ్మ కొడుకు నాగబాబు తెలుసుగా నీకు, గిలకలదిండిలో బోటు ఇంజన్లు బాగుచేసి చేసి ఇప్పుడు ఇక్కడ కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. చక్రం విప్పి చూసి, "మాస్టారూ, ముందు చక్రాల పళ్లేలు అరిగిపోయాయి, ప్యాడ్లూ అయిపోవచ్చాయి, రెండూ కలిపి మార్చాలి" అన్నాడట. మావాడు "చూద్దాంలే" అని వచ్చేశాడు. ఇంటికొచ్చి ఫోనులో వెతుకుతాడు. చిల్లులున్న పళ్లేలట, చిల్లుల్లేనివట, కంపెనీవట, పేరూ ఊరూ లేనివట. ఎవరో స్నేహితుడు పాతవే లేత్ మిషను మీద నునుపు చేయించుకో అన్నాడట. ఏదీ తేల్చడు. పొద్దున్నే అదే కారు వేసుకుని వెళ్తాడు.

మావయ్యని అడగరా అంటే అడగడు. కిందటేడు నువ్వొచ్చినప్పుడు "ఈ డబ్బాని తూకానికి అమ్మెయ్" అన్నావు చూడు, వాళ్ల నాన్న కారుని డబ్బా అన్నావని ఇంకా మనసులో ఉంది. అందుకని వాడికి తెలియకుండా రాస్తున్నాను. ఏవి కొనాలో చెప్పు. నేను రాశానని మాత్రం ఎవరితోనూ అనకు.

సాయంత్రం నాలుగున్నర దాటితే గేటు దగ్గర నిలబడి ఉండే
మీ అక్క
మార్తమ్మ

గుడివాడ
19 జూన్

అక్కా,

చెవులు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. నలభై ఏళ్లు లారీ ఇంజన్ల పక్కన నిలబడ్డవాడికి చెవులెందుకు మిగుల్తాయి? మిషను పెట్టుకుంటే కృప గరిటె తిప్పినా రేకుల మీద రాళ్లు పడ్డట్టుంది, తీసేశాను. ఆమె మోకాళ్లు ఆకులకి లొంగే రకం కాదు. ఏంజెల్‌కి దగ్గు లేదు, అల్లరి ఉంది.

డబ్బాని డబ్బా అన్నాను. సరే, వాడికి చెప్పనులే.

చక్రం వెనకాల గుండ్రంగా ఒక ఇనుప పళ్లెం ఉంటుంది. మేం డిస్కు అంటాం. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటొకటి ఇటొకటి పట్టుకుంటాయి, నువ్వు పట్టకారుతో వేడి గిన్నె పట్టుకున్నట్టు. ఆ పట్టు మీదే కారు ఆగుతుంది. ఎంత పలచబడే దాకా వాడొచ్చో ఆ డిస్కు మీదే అంకె కొట్టి ఉంటుంది. అంతకంటే పలచనైతే లేత్ మాట ఎత్తకూడదు. ఉన్నదే తక్కువ, దాన్ని ఇంకా గీకితే ఒకరోజు వేడెక్కి పగుల్తుంది. నాగబాబు కొలిచాడా? కొలిస్తే ఎంతొచ్చింది?

ఆదివారం కారు ఇంట్లోనే కదా. చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి చక్రం సందుల్లోంచి చూడు. డిస్కు అంచున గోరు ఆనించి చూడు, గట్టులా తగుల్తోందేమో. పైపైన తుప్పుంటే కంగారు పడకు, పది కిలోమీటర్లు తిరిగితే ప్యాడ్లే గీకేస్తాయి. గుంటలు పడ్డాయేమో అది చూడు. చూసింది చూసినట్టు రాయి. నువ్వు నాకు డెబ్భై ఏళ్లుగా తెలుసు కాబట్టి చెప్తున్నాను, చూడటం వరకే.

ఈలోగా నిదానంగా నడపమను.

తోమాసు

బందరు
23 జూన్, సోమవారం

తమ్ముడు తోమాసుకి,

దేవుడికి వెయ్యి స్తోత్రాలు. ఇంక భయం లేదు. వివరంగా రాస్తాను, తొందరపడకుండా చదువుకో. మీ అందరి ఆరోగ్యాలూ ఈసారి అడగటం లేదు, బాగున్నారనే అనుకుంటున్నాను. కృపకి ఆముదం ఆకు మాత్రం మానొద్దు.

శనివారం జేమ్స్ మళ్లీ షెడ్డుకి తీసుకెళ్తే నాగబాబు చక్రం విప్పి కొలిచాడట. దాని మీద పదిహేను అని ఉందట, ఇది పద్నాలుగున్నర కూడా లేదట. "ఇంక ఆలోచించకండి మాస్టారూ" అన్నాడట. వీడు మళ్లీ ఫోను చూసుకుంటూ వచ్చేశాడు.

నిన్న ఆరాధన నుంచి వచ్చి అన్నం తిన్నాక జేమ్స్ పడుకున్నాడు. ఎస్తేరు డ్యూటీకి వెళ్లింది. నేను గోనెపట్టా వేసుకుని, టార్చి పట్టుకుని చక్రం ముందు కూర్చున్నాను. తమ్ముడూ, శనివారం రాత్రి వాన పడింది కదా, పళ్లేలు రెండూ పండిన కాకరకాయల్లా ఎర్రగా ఉన్నాయి. గోరు ఆనిస్తే అంచున పొలం గట్టులా తగిలింది.

అంతలో కోటమ్మ చేపలు అమ్ముకుని ఖాళీ తట్టతో వెళ్తూ, "ఏంటత్తా, కారు కింద ఉంగరం పోయిందా?" అంది.

"ఉంగరం కాదే, ప్రాణం పోతోంది, ఈ తుప్పు చూడు" అన్నాను.

"ఇనుముకి తుప్పు పడితే నూనె పెడతారు గానీ దాని ముందు కూర్చుని ఏడుస్తారా? మావాళ్లు లంగరు గొలుసుకి నూనె పెట్టకుండా ఒడ్డున వదుల్తారా ఎప్పుడైనా?"

నిజమే కదా. ఈ ఊళ్లో సముద్రపు గాలికి ఏ ఇనుము నిలిచింది? గేటు బందులు, బావి గిలక, బీరువా తాళం, నా కుట్టుమిషను, అన్నిటికీ నెలకోసారి నూనె పెట్టేది నేనే. అందుకే నా పెళ్లప్పటి మిషను ఇప్పటికీ గలగలా నడుస్తోంది. నువ్వు చూడమన్నావు, ఇంకేం చెయ్యొద్దన్నావు, కాని తుప్పు కనపడుతుంటే చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటానురా? మిషను నూనె తెచ్చి, పుల్లకి మెత్తటి గుడ్డ చుట్టి, చెయ్యి దూరని చోట కూడా దూర్చి, రెండు చక్రాల పళ్లేలకీ శుభ్రంగా రాశాను. సగం డబ్బా అయిపోయింది. ఎరుపంతా పోయి నల్లగా నిగనిగలాడాయి. నడుము మాత్రం పట్టేసింది.

ఇవాళ పొద్దున వాడు బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి విన్నాను. కీచుమనలేదు! ఒక్క చప్పుడు లేదు! గేటు దగ్గర ఆపబోయి కాస్త ముందుకెళ్లి ఆగింది, టైమైపోయిందన్న హడావుడిలో ఉన్నాడులే. వాడెళ్లగానే నీకు రాయడానికి కూర్చున్నాను. ఇంతకీ ఇప్పుడు మార్చక్కర్లేదేమో కదా? వర్షాలు తగ్గే దాకా వారానికోసారి నేనే రాస్తుంటాను.

ఇవాళ చాలా రోజులకి కాఫీ రుచిగా తాగిన
మీ అక్క
మార్తమ్మ

గుడివాడ
25 జూన్, బుధవారం

అక్కా,

ఇది చదవగానే లేచెళ్లి కారు తాళంచెవి తీసి దాచు. మిగతాది తర్వాత చదువు.

దాచావా? ఇప్పుడు కూర్చో.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. మా వీధి గోవర్ధనరావు గారు రోజూ బందరు కోర్టులో ఉద్యోగానికి వస్తారు. బస్టాండుకెళ్లి ఆయన చేతికి ఇస్తున్నాను, పోస్టుని నమ్ముకుంటే రెండు రోజులు. కృప చేత నీకు ఫోన్ చేయించాను, అది బియ్యంలో ఉందిగా. జేమ్స్‌కి చేయించాను. నువ్వు రహస్యం అన్నావని నూనె సంగతి కృపకి చెప్పలేదు. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని. "ఆ కారు తియ్యొద్దని మావయ్య చెప్పమన్నారు" అని మాత్రం అంది. "ఏం, తూకానికి బేరం కుదిర్చారా అత్తయ్యా?" అని పెట్టేశాడట. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అక్కా, కుట్టుమిషను తిరగాలి, దానికి నూనె పెట్టాలి. గేటు తిరగాలి, దానికీ పెట్టాలి. బ్రేకు పని తిరగనివ్వకపోవడం. జారకుండా పట్టుకోవాల్సిన చోట నువ్వు సగం డబ్బా నూనె పోశావు. చప్పుడు పోయిందంటే పట్టు పోయిందన్నమాట. పైగా ప్యాడ్లు నూనె తాగేస్తాయి. డిస్కుని పెట్రోలుతో కడగొచ్చు గానీ ప్యాడ్లని ఏం చేసినా కడగలేం, పారెయ్యాలి.

నీ మీద కోపం లేదు. సోమవారం వాడు క్షేమంగా ఇంటికొచ్చాడా? ఒక్క ముక్క రాసి గోవర్ధనరావు గారికి ఇవ్వు. రేపు సాయంత్రం ఆయన బస్సు దిగే దగ్గర నిలబడి ఉంటాను.

తోమాసు

బందరు
26 జూన్, గురువారం

తమ్ముడూ,

అందరూ క్షేమం. బస్టాండులో నిలబడే చదువుతుంటావు, ఆ ముక్క చదువుకుని ముందు బెంచీ మీద కూర్చో. జేమ్స్ క్షేమం, టీచర్లు ముగ్గురూ క్షేమం, సుమతి కడుపులో బిడ్డ క్షేమం. కారు సోమవారం సాయంత్రం నుంచీ మా గేటు లోపలే ఉంది, కదల్లేదు. నువ్వు తాళంచెవి దాచమనేసరికి అది మూడు రోజులుగా మేకుకి వేలాడుతూనే ఉంది. అయినా తీసి దాచాను.

సోమవారం ఏం జరిగిందో జేమ్స్ నాకు చెప్పలేదు. నిన్న సుమతి టీచరు గోంగూర ఇవ్వడానికి వచ్చి చెప్పింది. వంతెన దిగుతుంటే గేదెల మంద అడ్డొచ్చిందట. బ్రేకు తొక్కితే కారు లెక్కచెయ్యలేదట. మావాడు గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, రోడ్డు పక్కకి దించి నారుమడి గట్టుకి ఆనించి ఆపాడట. "ఎవ్వరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు పెద్దమ్మగారూ, ఒక గేదె మాత్రం మమ్మల్ని అసహ్యంగా చూసింది" అని నవ్వుతోంది ఆ పిల్ల. నేను నవ్వలేక, ఏడవలేక లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాను, ఆమెకి కాదు, నేను తాగడానికి.

అంతటితో అయిపోలేదు. సోమవారం సాయంత్రం నాగబాబు తన జీపుకి కట్టి నిదానంగా కారుని ఇంటికి లాక్కొచ్చాడు. గేటు దగ్గరే చక్రం విప్పి వాసన చూసి, "మాస్టారూ, ఇది నూనె" అన్నాడు.

"శనివారం విప్పింది నువ్వేగా? నీ చేతి జిడ్డే" అన్నాడు జేమ్స్.

"నా చేతి జిడ్డు ఇంత కారుతుందా సార్? ఇది పనిగట్టుకుని రాసిన నూనె. మీ ఇంట్లో ఎవరన్నా..."

"బ్రేకులకి నూనె రాసే పిచ్చోళ్లు మా ఇంట్లో ఎవరున్నారయ్యా?"

నేను కిటికీ తెర వెనకాలే ఉన్నాను తమ్ముడూ. ఆ పిచ్చోళ్లు రెండు చేతుల్తో తెర పట్టుకుని నిలబడ్డారు. నాగబాబు చక్రం బిగించి, పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు. అప్పటికే నాకు సగం అర్థమైంది, అర్థం కానట్టు నాకు నేనే నటించుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఇంక నటించడానికేం మిగల్లేదు.

జేమ్స్ స్కూల్లో అందరికీ చెప్పేశాడు, నాగబాబు చేతికి బండి ఇవ్వొద్దని. ఇద్దరు టీచర్లు ఇవ్వబోయిన బండ్లు ఇవ్వలేదట. కోటమ్మ మా వీధిలోకి రావడం మానేసింది. మావాళ్లు ఇప్పుడు బస్సులో వెళ్తున్నారు, అదొక్కటే నాకు నిమ్మళం. వీడేమో చిల్లులున్న పళ్లేలు ఫోనులో తెప్పించి వేరే ఎక్కడో బిగించుకుంటానంటున్నాడు.

ఒక్క మాట. ఎలాగూ అన్నీ కొత్తవి వేస్తున్నాడు కదా. ఏవి కొనాలో నువ్వు చెప్పు. ఆ నూనె సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ. ఈ వయసులో కొడుకు ముందు తల దించుకోలేను. మీ బావగారు ఉంటే ఆయన మీద పెట్టేదాన్ని.

మార్తమ్మ

గుడివాడ
27 జూన్

అక్కా,

మనిద్దరి మధ్యే ఉండదు.

నీకెప్పుడూ చెప్పలేదు. ముప్పై ఏళ్ల కిందట ముదినేపల్లి చేపల చెరువుల ఆసామి లారీకి నేను బ్రేకులు చేశాను. నాలుగో రోజు అది లోడుతో కాలవలోకి దిగింది. మనిషి పోలేదు, లారీ పోయింది. తోమాసు తాగి బిగించాడన్నారు. నేను తాగుతానా అక్కా? అయిదేళ్ల పాటు ముదినేపల్లి నుంచి ఒక్కడు నా షెడ్డుకి రాలేదు. తర్వాత ఆ డ్రైవరే వచ్చి, "బ్రేకు ఆయిలు తగ్గితే ఇంజను ఆయిలు పోశానయ్యా, భయపడి చెప్పలేదు" అన్నాడు. వాడికి టీ ఇప్పించాను గానీ, ఆ అయిదేళ్లు నాకెవరిస్తారు? కృప నగలు అమ్ముకుంది అప్పుడే, ఎవరి పెళ్లిలోనో పోయాయని నీకు చెప్పాం.

నాగబాబు కొలిచాడు, మార్చమన్నాడు, నూనె అని వాసన చూసి చెప్పాడు. మూడూ కరెక్టే చెప్పాడు. నీ కోసం మూడూ అబద్ధాలైపోయాయి. నేను జేమ్స్‌కి రాస్తే చాడీ చెప్పినట్టుంటుంది. నువ్వే చెప్పు. తిట్టనీ. సోమవారం గట్టు దగ్గర నీ కొడుకు ఆపగలిగాడు కాబట్టి తిట్లు తింటావు. అవి తియ్యగానే ఉంటాయి.

ఇక డిస్కుల సంగతి. చిల్లులున్నవి వద్దు. చూడ్డానికి బాగుంటాయి గానీ ఉప్పుగాలికి చిల్లుల్లో తుప్పు చేరి అక్కడే పగుళ్లొస్తాయి, మనవాడు పందాలకి పోవట్లేదు. చిల్లుల్లేనివి, మధ్యలో బూడిదరంగు పూత వేసినవి దొరుకుతాయి. ప్యాడ్లు తగిలే చోట పూత అరిగిపోతుంది, మిగతా చోట తుప్పు ఆపుతుంది. బందరుకి అవే. ప్యాడ్లు మరీ గట్టివి వద్దు, కొత్త డిస్కుని తినేస్తాయి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

ఇంకోటి చెప్తాను, నవ్వు. కొత్త డిస్కులకి తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లే నూనె రాసి పంపుతారు. నీ బుర్రా వాళ్ల బుర్రా ఒకటే. కాకపోతే మేం బిగించే ముందు పెట్రోలుతో తుడిచేస్తాం.

తోమాసు

బందరు
2 జూలై, బుధవారం

తమ్ముడు తోమాసుకి,

చెప్పేశాను.

ముందు కృప సంగతి. నగలు అలా పోయాయని తెలియక ఎన్నిసార్లు "మెడలో ఏం లేదేంటే" అని దెప్పానో. దాన్ని నా తరఫున క్షమాపణ అడగొద్దు, నేనే ఎదురుపడి అడుగుతాను.

మూడు రోజులు నోట్లో మాట నోట్లోనే తిప్పాను. ఆదివారం చెప్దామంటే మందిరం నుంచి వచ్చి సంతోషంగా ఉన్నాడు, పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. సోమవారం తలనొప్పన్నాడు. నిన్న సాయంత్రం బస్సు దిగి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా అనేశాను. "ఒరేయ్, బ్రేకులకి నూనె రాసిన పిచ్చిదాన్ని నేనే."

వాడు ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో, అలాగే ఉండిపోయాడు. "ఎంత రాశావమ్మా?" అన్నాడు.

"సగం డబ్బా."

"సగం డబ్బానా!"

వంటింట్లోంచి ఎస్తేరు, "అత్తయ్యా, తాలింపులో కూడా మీరంత పొయ్యరు కదండీ" అంది. నాకు ఏడుపొచ్చింది. మెట్టు మీద కూలబడి, వంతెనా గేదెలూ సుమతీ అంటూ ఏదేదో చెప్పుకుని ఏడ్చాను. జేమ్స్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండు. "నువ్వు నా కోసమే రాశావు, అది సరే. నేను నాగబాబుని ఏమన్నానో విన్నావు కదా, ఇన్ని రోజులు ఎలా ఊరుకున్నావమ్మా?" అన్నాడు. విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కున్నాడు. నేనూ వెనకాలే బయల్దేరాను. రావద్దన్నాడు, వినలేదు.

షెడ్డులో నాగబాబు ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. మావాడు వంగి, "నాగబాబూ, తప్పు నాదయ్యా" అన్నాడు. నేను, "నీ చేతి జిడ్డు కాదు బాబూ, నా చేతిది" అన్నాను. ఆ అబ్బాయి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఏమన్నాడో తెలుసా? "నాకు సోమవారమే తెలుసు పెద్దమ్మా. కుట్టుమిషను నూనె వాసన తెలియకపోతే ఇంక నేనేం మెకానిక్కుని? మీ పేరు చెప్దామనే అనుకున్నాను. మా అమ్మే వద్దు వద్దని చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ పరువు అంది. ఇంతకీ మా అమ్మకెలా తెలిసిందో, మీ నూనె సంగతి?"

నేను లోపలికి చూశాను. తలుపు వెనకాల కోటమ్మ!

"నేను తుప్పుకి నూనె అన్నాను అత్తా. బ్రేకులకి అన్నానా?"

"కారు చక్రం ముందు కూర్చున్నదానితో లంగరు గొలుసు సంగతి ఎందుకు చెప్పావే?"

"నువ్వు సగం డబ్బా పోస్తావని నాకేం కల వచ్చిందా? పెద్దింట్లమ్మ తల్లికి దండం పెట్టుకుని నోరు మూసుకున్నాను!"

"నేనూ ప్రభువుకి ప్రార్థన చేసుకునే నోరు మూసుకున్నాను!"

నాగబాబు, జేమ్స్ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలెట్టారు. ఆటోవాడు కూడా నవ్వాడు, వాడికేం అర్థమైందో. కోటమ్మ నన్ను లోపలికి పిలిచి స్టూలు వేసింది.

ఇవాళ జేమ్స్ స్కూల్లో అందరి ముందూ చెప్పాడట, మా అమ్మ చేసిన పని, నేను వేసిన నింద అని. నన్నెందుకు కలిపావురా అంటే, కలపకపోతే ఎవరూ నమ్మేలా లేరమ్మా అన్నాడు. ఒక టీచరు తన బండి నాగబాబుకి పంపించేశాడు.

నీకు రాసే ఉత్తరాల సంగతి కూడా వాడితో చెప్పేశాను. "మావయ్యకే రాయమ్మా. ఆయన ఏవి అంటే అవే. వీలైతే గుడివాడలో ఆయన్నే చూసి తీసుకోమను" అన్నాడు. చిల్లులవి రద్దు చేసేశాడు. కొలతలూ కారు నంబరూ నాగబాబు రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను.

తిట్లు తినడానికి సిద్ధపడి తినకుండా మిగిలిన
మీ అక్క
మార్తమ్మ

గుడివాడ
8 జూలై

అక్కా,

తీసుకున్నాను. బస్సు పార్సిల్లో వేశాను, రెండు డిస్కులు, ఒక పెట్టె ప్యాడ్లు. గోవర్ధనరావు గారు తెస్తానన్నారు గానీ ఆ బరువుకి ఆయన నడుం విరిగితే కోర్టు వాయిదా పడుతుంది. మూడు షాపులు తిరిగాను. మొదటి షాపువాడు ఇదే పాత మోడలుదంటూ వేరే బండిది అంటగట్టబోయాడు. చెవిటివాణ్ని గానీ గుడ్డివాణ్ని కాదన్నాను. కొలతబద్ద జేబులోనే ఉంది, కొలిచాను, వాడు కుర్చీ వేశాడు. పనిలోంచి దిగి ఆరేళ్లైంది. ఇవాళ ఒళ్లు తేలిగ్గా ఉంది.

నాగబాబుకి చెప్పు: డిస్కు కూర్చునే చోట పాత తుప్పు బ్రష్షుతో పూర్తిగా గీకాలి, లేకపోతే కొత్తదీ వణుకుతుంది. డిస్కులకున్న నూనె పెట్రోలుతో తుడిచి ఆరనివ్వాలి. ఆ అబ్బాయికి ఇవన్నీ తెలుసు, నా తృప్తి కోసం చెప్పు. బిగించాక మొదటి మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దు, మెల్లగా తొక్కి మెల్లగా ఆపాలి. కొత్త కోడలితో మాట్లాడినట్టు.

కారుని డబ్బా అన్న సంగతి జేమ్స్‌తో నేను ఎదురుగా మాట్లాడుకోవాలి, కాగితం మీద కాదు. ఎప్పుడొస్తారో రాయి.

బిగించేటప్పుడు నీ నూనె డబ్బా ఎస్తేరు చేతిలో ఉండాలని కృప మరీ మరీ రాయమంది.

తోమాసు

బందరు
14 జూలై, సోమవారం

తమ్ముడు తోమాసుకి,

ఈ ఉత్తరం గేటు దగ్గర కాదు, లోపల కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. టైము అయిదూ పది. జేమ్స్ నాలుగూ నలభైకి వచ్చి స్నానం కూడా చేశాడు. పొద్దున కొత్త బ్రేకులతో వంతెన మీదుగా మొదటిసారి వెళ్లొచ్చాడు. టీచర్లు ముగ్గురూ ఎక్కారు. సుమతిని నేను వద్దన్నాను, ఆ పిల్ల వినకుండా ముందు సీట్లోనే కూర్చుంది.

శనివారం సెలవు కదా, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాగబాబు మా గేటు దగ్గరే బిగించాడు. నేను వరండాలోంచి కదల్లేదు. కోటమ్మ నా పక్కనే కూర్చుని రొయ్యలు వలిచింది, నాకు కాపలానో, తనకి కాపలానో. నాగబాబు ఒక పాత డిస్కు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. వెనకవైపు అంచు దగ్గర వెంట్రుకంత గీత. గోరు ఆనిస్తే దిగుతోంది. "పగులు పెద్దమ్మా, ఇది కనపడాలంటే విప్పి తిప్పి చూడాలి" అన్నాడు. జేమ్స్ దాన్ని నా ఒళ్లోంచి తీసుకుని ఆ గీత మీద గోరు ఆనించి చూశాడు. మార్చడం ఇన్నాళ్లు సాగదీసినందుకు వాడూ కాస్త తల దించుకున్నాడు, నాకు తోడు దొరికింది.

బిగించాక పెడన దాకా తీసుకెళ్లారు, నేనూ ఎక్కాను. దారిలో ముప్పైసార్లన్నా మెల్లగా తొక్కుతూ ఆపుకుంటూ వెళ్లాడు. వెనక బస్సువాడు హారను కొట్టి చంపేశాడు. ప్రతిసారీ కారు చెప్పిన మాట విని ఆగింది. అరుపు లేదు, వణుకు లేదు. చప్పుడు లేకపోతే మళ్లీ నాకు అనుమానమొచ్చి, "ఇది మంచి నిశ్శబ్దమేనా బాబూ?" అని నాగబాబుని అడిగాను. "ఇది మంచిదే పెద్దమ్మా" అన్నాడు. పెడనలో దిగి, కృపకని ఒక కలంకారీ చీర కొన్నాను. బాగుందో లేదో, ఎరుపు ఎక్కువైందేమోనని అనుమానం. నచ్చకపోతే మొహం మీదే చెప్పమను.

నిన్న రాత్రి ఎన్నో రోజుల తర్వాత తెల్లారే దాకా నిద్రపోయాను. ఎస్తేరు కంగారుపడి వచ్చి ఊపిరి చూసిందట.

ఇక రావడం సంగతి. ఈ ఆదివారం ఇరవయ్యో తారీఖు మందిరంలో స్త్రీల కూడిక, నేను రొట్టెలు చెయ్యాలి. పైగా నువ్వన్న మూడు వందల కిలోమీటర్లు అప్పటికి పూర్తవవేమోనని భయం. వారం ఆగితే పూర్తవుతాయని జేమ్స్ లెక్క చెప్పాడు. కాబట్టి జూలై ఇరవై ఏడు, ఆదివారం. ఆరాధన అవగానే బయల్దేరి, పెడన, గుడ్లవల్లేరు మీదుగా పన్నెండున్నరకి మీ గుమ్మంలో ఉంటాం. జేమ్స్, ఎస్తేరు, నేను. వాన పడినా వస్తాం.

మీ అక్క
మార్తమ్మ